కలిపినవన్నియు కలియునా?
మిశ్రమములను గూర్చి రైతు లెఱుగవలసిన విషయములు



తొలకరి కురిసినది మొదలు సహకార సంఘముల గిడ్డంగుల యెదుట బండ్లును ట్రాక్టరులును బారులు తీరుట మన మందఱము నెఱిగిన దృశ్యమే. అట్టి దినములలో నొకనాడు ఒక పెద్దరైతు గిడ్డంగి యరుగుమీద గోనెపట్టా పఱచి, సంచెడు అమ్మోనియం సల్ఫేటును దానిపై గ్రుమ్మరించి, ఇంటినుండి తెచ్చిన కట్టెబూడిదను నాలుగు తట్టలు పోసి, పారతో కలుపుచుండెను. ఆ బూడిద ముందునాటి వానజల్లుకు కొంచెము చెమ్మగిల్లి యుండెను. బూడిద యెందులకని యడుగగా నాయన, "ఉత్త యెరువు పిడికిట నిలువదు బాబూ. బూడిద కలిపినచో బరువు పెరుగును, చేనంతయు సమముగా పడును. పైగా బూడిదయు నెరువే కదా!" అనెను. ఇంతలో కుప్పనుండి ముక్కుపుటములు మండునంత ఘాటైన వాసన లేచినది. ఆయన తువ్వాలు ముక్కున కడ్డము పెట్టుకొని, "చూచితివా, సరుకెంత గట్టిదో!" యని సంతసించెను.

ఆ ఘాటు సరుకు గట్టిదనమునకు గుర్తు కాదు. ఆయన డబ్బిచ్చి కొన్న నత్రజని యాయన కన్నులయెదుటనే గాలిలో కలిసి పోవుచుండుటకు గుర్తు. 50 కిలోల అమ్మోనియం సల్ఫేటులో నత్రజని 10 కిలోలకు పైగా నుండును. ఆ సంచికి చెల్లించిన మూల్యములో ముఖ్యభాగము ఆ 10 కిలోల కొఱకే. అందులో నెంత యెగిరిపోయిన నంత సొమ్ము పోయినట్లే. ఆయన సోమరి కాడు, అజాగ్రత్తపరుడును కాడు. మేలుచేయు రెండు వస్తువులను కలిపినచో రెండింతల మేలు కలుగునని నమ్మెను. ఈ నమ్మకము మనలో పెక్కుమందికి కలదు. కావున కలుపుట యననేమి, కలిపిన పిదప లోపల నేమి జరుగును, ఏవి కలుపవచ్చును, ఏవి కలుపరాదు అను విషయములను కొంచెము విచారింతము.

మిశ్రమము వేఱు, సంయోగము వేఱు

మన పెద్దలు రెండు న్యాయములు చెప్పియున్నారు. ఒకటి తిలతండుల న్యాయము. నువ్వులును బియ్యమును కలిసినను నువ్వు నువ్వుగనే, బియ్యము బియ్యముగనే కంటికి కానవచ్చును. రెండవది క్షీరనీర న్యాయము. పాలును నీళ్ళును కలిసినచో నేది పాలో యేది నీరో కంటికి తెలియదు. అయినను నీరు నీరుగనే యున్నది, వెన్న వెన్నగనే యున్నది. రసాయనశాస్త్రమున ఈ రెండును మిశ్రమములే. మొదటిది కంటికి వేఱుపడునది, రెండవది కంటికి వేఱుపడనిది.

అయితే మూడవ విధ మొకటి కలదు. పసుపులో సున్నము కలిపిన నేమగును? పసుపువన్నెయు లేదు, తెలుపును లేదు. ఎఱ్ఱని పారాణి యేర్పడును. ఏ జల్లెడ పట్టినను, ఎంత తూర్పార బట్టినను ఆ యెఱుపునుండి పసుపు నొకవంకకు, సున్నము నొకవంకకు తీయజాలము. ఇది కలయిక మాత్రమే కాదు, మార్పు. ఇట్టి మార్పును రసాయనిక మార్పనియు, రెండు వస్తువులు తమ గుణములను విడిచి క్రొత్త వస్తు వగుటను సంయోగమనియు చెప్పుదురు.

పాఠశాలలలో దీనిని చూపుటకు ఒక చిన్న ప్రయోగము చేయుదురు. 7 పాళ్ళు ఇనుపరజను, 4 పాళ్ళు గంధకపు పొడి కలుపుదురు. ఇది మిశ్రమము. సూదంటురాయిని దగ్గఱకు తెచ్చినచో నినుమంతయు దానికి పట్టుకొని గంధకము మిగులును. పిమ్మట ఆ పొడినే గాజునాళికలో బాగుగ కాచినచో ఎఱ్ఱగ రగిలి నల్లని గడ్డ యగును. ఆ గడ్డను పొడిచేసి సూదంటురాయిని చూపినచో నది పట్టుకొనదు. ఇనుము పోలేదు, గంధకమును పోలేదు. రెండును కలిసి ఐరన్ సల్ఫైడను క్రొత్త వస్తువైనవి.

దీనినుండి మూడు గుర్తులు గ్రహింపవచ్చును. మిశ్రమములో ప్రతి వస్తువును తన గుణమును నిలుపుకొనును, సంయోగములో కోల్పోవును. మిశ్రమమును మన యిచ్చవచ్చిన పాళ్ళలో కలుపవచ్చును. సంయోగమునకు పాళ్ళు ప్రకృతి నిర్ణయించినవే. మిశ్రమమును జల్లెడ, చేట, కవ్వము, ఎండ మున్నగు సాధనములతో విడదీయవచ్చును. సంయోగము వీనికి లొంగదు. గిడ్డంగి యరుగుమీద జరిగిన పొరపాటు ఇదియే. ఆయన మిశ్రమము చేయుచున్నానని తలచెను; అచ్చట జరిగినది రసాయనిక మార్పు.

విడదీయుట రైతునకు క్రొత్త విద్య కాదు

నిజమునకు మిశ్రమముల విద్యలో రైతును మించిన పండితుడు లేడు. కళ్ళములో తూర్పార బట్టునపుడు గింజ బరువును పొట్టు తేలికదనమును గాలి యనెడి త్రాసులో తూచుచున్నాడు. చేటతో చెరుగునపుడు, జల్లెడ పట్టునపుడు పరిమాణ భేదమును వాడుకొనుచున్నాడు. ఇల్లాలు కవ్వముతో చిలుకునపుడు మజ్జిగయందు చెదరియున్న కొవ్వు కణములు ఒకదానినొకటి తాకి ముద్దకట్టి వెన్నయై పైకి తేలును. వానకాలపు బురదనీటి కుండలో చిల్లగింజ నరగదీసి కలిపినచో, నీటిలో వ్రేలాడుచున్న మన్ను గుంపుకూడి యడుగునకు దిగును. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణములు కరిగి యుండును. నౌపడ, చినగంజాము మున్నగు తావులందలి యుప్పుమళ్ళలో ఎండ నీటిని తీసికొనిపోయి యుప్పును మనకు విడిచిపెట్టుచున్నది.

విత్తనపు వడ్లను ఉప్పునీటితో నేరు పద్ధతియు నిట్టిదే. జపానులో యోకోయి తోకియోషి యను వ్యవసాయ శాస్త్రజ్ఞుడు దీనిని 1882లో ప్రవేశపెట్టెను. 10 లీటర్ల నీటిలో సుమారు కిలోన్నర యుప్పును కొంచెము కొంచెముగ కరిగింపవలెను. అందు తాజా కోడిగ్రుడ్డును విడిచినచో మునిగిపోక, పైభాగము చిన్న నాణెమంత కనబడునట్లు తేలవలెను. పాతబడిన గ్రుడ్డు మంచినీటిలోనే తేలును గనుక దానిని నమ్మరాదు. పిమ్మట వడ్లను పోసి కలియబెట్టినచో తాలును, సగము పాలుపోసికొన్న గింజలును పైకి తేలును. నిండుగింజ లడుగున కూర్చుండును. తేలినవానిని తీసివేసి, అడుగు గింజలను మంచినీటితో రెండు మూడుసార్లు కడుగవలెను. ఉప్పు మిగిలినచో మొలకకు చెఱుపు.

మన నేలయు మిశ్రమమే. ఒక గాజుసీసాలో పిడికెడు మన్ను వేసి, ముప్పాతికకు నీరు పోసి, బాగుగ కుదిపి నిలువబెట్టుడు. ఒక నిమిషములో ఇసుక యడుగున చేరును. కొన్ని గంటలలో ఒండ్రు దానిపై పొరకట్టును. బంకమన్ను మరునాటికిని నీటిని మబ్బుగనే యుంచును. ఏ పొర యెంత మందమో చూచినచో మన చేను నీటి నెంత నిలుపునో, ఎరువు నెంత పట్టియుంచునో కొంతవఱకు తెలియును.

పాళ్ళ లెక్క

మిశ్రమములో పాళ్ళు మన చేతిలోనివి. కావున లెక్కయు మన చేతిలోనిదే. ఎరువు సంచిమీద వ్రాసిన యంకెలు ఈ లెక్కకు తాళపుచెవులు. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్ళు. సింగిల్ సూపరు ఫాస్ఫేటులో భాస్వరము నూటికి 16 పాళ్ళు. మ్యూరియేట్ ఆఫ్ పొటాషులో పొటాషు నూటికి 60 పాళ్ళు. డి.ఏ.పి.లో నత్రజని 18, భాస్వరము 46.

మట్టి పరీక్ష ననుసరించి ఒక యెకరమునకు నత్రజని 40 కిలోలు, భాస్వరము 20, పొటాషు 20 కిలోలు కావలెననుకొందము. భాస్వరమునకు 20ని 100తో గుణించి 16తో భాగించినచో 125 కిలోల సూపరు ఫాస్ఫేటు. పొటాషునకు 20ని 100తో గుణించి 60తో భాగించినచో సుమారు 33 కిలోల మ్యూరియేటు. నత్రజనికి 40ని 100తో గుణించి 46తో భాగించినచో సుమారు 87 కిలోల యూరియా. అనగా 45 కిలోల సంచులు రెండింటికి కొంచెము తక్కువ. సూపరునకు బదులు డి.ఏ.పి. వాడినచో 43 కిలోలన్నర చాలును. అందులోనే సుమారు 8 కిలోల నత్రజని వచ్చును గనుక యూరియాను 70 కిలోలకు తగ్గింపవచ్చును. ఈ తగ్గింపు చేయని రైతు 17 కిలోల యూరియాను అనవసరముగ చల్లుచున్నాడు. అయితే సూపరులో గంధకమును సున్నపు సారమును గూడ నున్నవి. వేరుసెనగ వంటి పైరులకు అవి మిక్కిలి యుపయోగము. ఇదంతయు నొక్కసారి చల్లుమని కాదు. నత్రజనిని పైరు పెరుగుదల ననుసరించి దఫదఫాలుగ వేయవలెను.

ఇక కాంప్లెక్సు ఎరువును గూర్చి ఒక మాట. 17-17-17 వంటి కాంప్లెక్సులో ప్రతి గుళికయందును మూడు పోషకములు నుండును. మనము విడి యెరువులను కలిపినచో నొక్కొక్క గుళిక యొక్కొక్క యెరువు. గుళికల పరిమాణములు భిన్నమైనచో బండి కుదుపులకు చిన్నవి క్రిందికి జాఱును, పెద్దవి పైకి వచ్చును. గిడ్డంగిలో సమముగ కలిపిన మిశ్రమము చేనికి చేరునప్పటికి సమముగ నుండదు. కావున విడి యెరువులను కలుపదలచినవారు చేనిగట్టుననే, చల్లుటకు ముందే కలుపుకొనుట మేలు.

కలుపరానివి

అమ్మోనియా రూపమున నత్రజని గల యెరువులను, అనగా అమ్మోనియం సల్ఫేటు, డి.ఏ.పి. మున్నగువానిని సున్నముతో గాని బూడిదతో గాని కలుపరాదు. సున్నమునకును బూడిదకును క్షారగుణము కలదు. క్షారము తగిలి, కొంచెము చెమ్మ తోడైనచో అమ్మోనియా ఆవిరియై పోవును. అరుగుమీది ఘాటు అదియే.

సూపరు ఫాస్ఫేటును సున్నముతో కలుపరాదు. ఇచ్చట వాసన యేమియు రాదు, కంటి కేమియు కనబడదు. కాని నీటిలో కరుగు భాస్వరము సున్నముతో సంయోగమంది కరుగని రూపమునకు మరలిపోవును. పైరు వేళ్ళకు వెంటనే యందవలసినది అందకపోవును.

యూరియాను సూపరు ఫాస్ఫేటుతో కలిపి నిలువ చేయరాదు. సూపరు స్ఫటికములలో బంధింపబడియున్న నీటిని యూరియా వెడలగొట్టును. మిశ్రమము తడిసి ముద్దయగును. కలుపక తప్పనిచో సూపరు పొడిగా నున్నపుడు, చల్లుటకు ముందు మాత్రమే కలుపవలెను.

యూరియాను కాల్షియం అమ్మోనియం నైట్రేటుతో నెన్నడును కలుపరాదు. దీనికి కారణము వింతయైనది. 30 డిగ్రీల వేడిమివద్ద, గాలిలో తేమ నూటికి సుమారు 73 పాళ్ళు దాటినగాని యూరియా నీరుకాఱదు. అమ్మోనియం నైట్రేటునకు ఆ హద్దు సుమారు 59. ఈ రెండును కలిసినచో ఆ హద్దు 18కి పడిపోవును! మన తెలుగునేలమీద గాలి యంత పొడిగా నుండు దినము లెన్ని? కావున విడివిడిగ నున్నపుడు పొడిగా నిలిచినవి జత గూడగనే జావయగును. మిశ్రమమున గుణములు మాఱవన్న మాటను ఇట్లు జాగ్రత్తగ నర్థము చేసికొనవలెను: వస్తువులు మాఱకపోయినను వాని నడవడి మాఱవచ్చును.

జింకు సల్ఫేటును డి.ఏ.పి.తో గాని సూపరుతో గాని కలుపరాదు. జింకును భాస్వరమును కలిసి సులభముగ కరుగని జింకు ఫాస్ఫేటగును. రెండును వ్యర్థము.

బూడిద విషయమున మన యింటిలోనే యొక పరీక్ష కలదు. ఎరువులో కలుపదలచిన పొడిని చిటికెడు తీసికొని, నీటిలో కలిపి, తడిపసుపుమీద నొక బొట్టు వేయుడు. పసుపు ఎఱ్ఱవాఱినచో ఆ పొడికి క్షారగుణము కలదు. దానిని అమ్మోనియా యెరువులతో కలుపరాదు. బూడిదను వేసినను సున్నమును వేసినను పారాణివలె ఎఱ్ఱనగును; ఒండ్రుమట్టిని వేసినచో సాధారణముగ వన్నె మాఱదు. అయితే చౌడుమన్ను గూడ పసుపును ఎఱ్ఱవాఱ్చును. దానిని గూడ నెరువులో కలుపరాదు. పసుపు మాఱనంతమాత్రమున ఏ రెండు ఎరువుల నైనను కలుపవచ్చునని భావింపరాదు. ఈ పరీక్ష క్షారమును మాత్రమే పట్టియిచ్చును. పైన చెప్పిన తక్కిన జతలను జ్ఞాపకముంచుకొనవలసినదే.

మార్పే మేలైన చోటు

కలిసినపుడు మార్పు జరుగుట ఎల్లప్పుడును నష్టము కాదు. దానికి బోర్డో మిశ్రమమే తార్కాణము. ఫ్రాన్సు దేశమున మెడాక్ ప్రాంతపు ద్రాక్షతోటల రైతులు దారి ప్రక్కనున్న పాదులపై బాటసారులు పండ్లు కోయకుండుటకై మైలుతుత్తమును సున్నమును కలిపి చల్లెడివారు. 1882లో బోర్డో విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన మిలార్డే ఆ పాదులకు మాత్రము బూజుతెగులు సోకకుండుట చూచెను. పరిశోధించి 1885లో ఆ విషయమును ప్రకటించెను. దొంగల భయమునకు పుట్టిన పూత తెగుళ్ళకు మందైనది.

దీనికి మిశ్రమమని పేరున్నను, లోపల జరుగునది సంయోగమే. మైలుతుత్త మొక్కటియే చల్లినచో ఆకు మాడును. సున్నము కలిసినపుడు నీలవర్ణపు మెత్తని క్రొత్త పదార్థమేర్పడి, ఆకును మాడ్చక, దానినంటిపెట్టుకొని, కొంచెము కొంచెముగ రాగిని విడుచుచు శిలీంధ్రమును చంపును.

నూటికి 1 పాలు గల మందునకు మైలుతుత్తము 1 కిలో, మంచి గుల్లసున్నము 1 కిలో, నీరు 100 లీటర్లు కావలెను. తుత్తమును 50 లీటర్లలోను, విరియజేసిన సున్నమును వేఱుగ 50 లీటర్లలోను కలిపి, రెండింటిని మూడవ తొట్టిలోనికి ఒక్కసారిగ పోయుచు కఱ్ఱతో కలియబెట్టవలెను. ఇనుప, రేకు పాత్రలు పనికిరావు. మట్టి, చెక్క లేక ప్లాస్టికు పాత్రలను వాడవలెను. తయారైన పిదప మెఱుగుపెట్టిన ఇనుప కత్తిని ఒక నిమిషము అందు ముంచి తీయవలెను. కత్తిపై ఎఱ్ఱని రాగిపూత పట్టినచో తుత్తము ఇంకను మిగిలియున్నదన్నమాట. మఱికొంత సున్నపు నీరు చేర్పవలెను. ఈ మందును చేసిననాడే వాడవలెను. తమలపాకు తోటలవారికిని బత్తాయి, నిమ్మ తోటలవారికిని దీని విలువ తెలియనిది కాదు.

కల్తీయు మిశ్రమమే

మిశ్రమములో పాళ్ళు మన యిచ్చవచ్చినట్లుంచవచ్చునని చెప్పితిమి. ఆ స్వేచ్ఛయే మోసగానికిని దారియైనది. పాల సంగతి చూడుడు. లాక్టోమీటరు పాల సాంద్రతను చూపును. నీరు కలిపినచో సాంద్రత తగ్గును. మీగడ తీసినచో పెరుగును. మీగడ కొంత తీసి, దానికి తగినంత నీరు కలిపినచో లాక్టోమీటరు ఏమియు జరుగనట్లే చూపును! అందుచేతనే పాలసంఘములలో వెన్నశాతమును గూడ వేఱుగ కొలుతురు. ఆ పరీక్ష మనలను అవమానించుటకు కాదు. చిక్కని పాలుపోసిన సభ్యుని సొమ్ము పలుచని పాలుపోసినవానికి పోకుండుటకు.

ఎరువులలో కల్తీని పట్టుటకు రైతు తానే చేయదగిన పరీక్షలు కొన్ని కలవు. యూరియా నీటిలో పూర్తిగ కరిగిపోవును, నీరు చేతికి చల్లబడును. కాలిన పెనముమీద నాలుగు గింజలు వేసినచో కరిగి, మంట పెంచిన మిగులు లేకుండ పోవును. తెల్లని బూడిద నిలిచినచో అనుమానింపవలెను. డి.ఏ.పి. గింజలను సున్నముతో చేర్చి అరచేత నలిపినచో ఘాటైన అమ్మోనియా వాసన రావలెను. జింకు సల్ఫేటును మెగ్నీషియం సల్ఫేటుతో కల్తీ చేయుట కలదు. రెండును చూపునకు ఒక్కటియే. డి.ఏ.పి. తేటనీటిలో జింకు సల్ఫేటు నీరు పోసినచో పెరుగు తరకలవంటి చిక్కని మడ్డి యేర్పడును. మెగ్నీషియం సల్ఫేటు నీటితో నట్లేర్పడదు.

పాఠకులు గమనింపుడు. ఏ కారణముచేత డి.ఏ.పి.ని సున్నముతో కలుపరాదో ఆ కారణమే యిచ్చట పరీక్షయైనది. ఏ కారణముచేత జింకును డి.ఏ.పి.తో కలుపరాదో ఆ కారణమే జింకును గుర్తించు సాధనమైనది. చేనిలో నష్టము చేయు మార్పు అరచేతిలో సాక్ష్యము చెప్పును.

ఈ పరీక్షలు అనుమానమును కలిగించుటకే కాని తీర్పు చెప్పుటకు కావు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారము సంచిమీద పోషకముల పాళ్ళు ముద్రింపవలెను. తనిఖీ యధికారి నమూనా తీసి ప్రయోగశాలకు పంపవచ్చును. కావున రసీదును, ఖాళీ సంచిని, మిగిలిన యెరువును భద్రపఱచి, వ్యవసాయాధికారికి తెలుపవలెను.

మందులు కలుపునపుడు

ఒక్క పిచికారితో రెండు పనులు తీరునని పురుగుమందును, తెగులుమందును, ఆకుమీది యెరువును ఒకే తొట్టిలో పోయుట నేడు తఱచుగ జరుగుచున్నది. కూలి మిగులును, నిజమే. కాని పైరు మాడినచో మిగిలిన కూలి యే మూలకు? ప్రతి డబ్బాతోను వచ్చు కరపత్రమున ఏవి కలుపరాదో చదువవలెను. బోర్డో మిశ్రమమువంటి సున్నపు మందులను తక్కిన మందులతో కలుపరాదు.

కలుపవచ్చునని చెప్పిన జతను గూడ ముందు ఒక గాజుసీసాలో అవే పాళ్ళలో కలిపి అరగంట యుంచుడు. విఱిగినను, తరకలు కట్టినను, వేడెక్కినను, జిడ్డు పైకి తేలినను ఆ జత పనికిరాదు. తొట్టిలో ముందు సగము నీరు పోసి, పొడిమందును కొంచెము నీటితో జావచేసి పోయవలెను. నూనెమందును చివరను చేర్చవలెను. వేపనూనెను నీటిలో నూరక పోసినచో పైకి తేలి, మొదటి బారుకు నీరును చివరి బారుకు నూనెయు తగులును. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల నూనెను కొంచెము సబ్బునీటితో ముందుగ గిలకొట్టి కలిపినచో పాలవలె నగును. సబ్బు నూనెకును నీటికిని మధ్యవర్తియై రెండింటిని కలిపియుంచును. అయినను పిచికారి చేయుచున్నంతసేపు కుదుపుచుండవలెను.

ముగింపు

ఇక అరుగుమీది పెద్దరైతు మాట. ఆయనకు చిటికెడు పసుపుమీద ఆ బూడిదనీటి బొట్టు వేసి చూపగా, ఎఱ్ఱనగుట చూచి కొంతసేపు మాటలాడలేదు. పిదప, "ఇన్నేండ్లనుండి వాసన చూచి సంతోషించితిని కదా!" అని నవ్వి పారను ప్రక్కన పెట్టెను. మిగిలిన సంచిని విప్పక యింటికి తీసికొనిపోయెను. బూడిదను విడిచిపెట్టవలసిన పని లేదు. అందలి పొటాషు నిజమైనదే. దానిని దుక్కిలో ముందుగ చల్లి కలియదున్ని, అమ్మోనియా యెరువును రెండు వారములు గడచిన పిదప వేసికొనవచ్చును. చల్లుటకు బరువు కావలసినచో జల్లించిన పొడి యిసుకను కలుపుకొనవచ్చును. అది ఎరువును చెఱుపదు.

ప్రతి సంఘపు గిడ్డంగిలోను కలుపరాని జతల పట్టిక నొకదానిని పెద్దయక్షరములతో గోడమీద వ్రాయించి, దాని ప్రక్కన ఒక గాజుసీసాను, ఒక పసుపు భరిణెను ఉంచినచో వ్యయము స్వల్పము, లాభము మెండు. ఎరువు కొనుటకు వచ్చిన సభ్యుడు కలుపబోవునది మిశ్రమమో, మార్పో అచ్చటనే తెలిసికొనును. కొన్న సరుకు గాలిపాలు కాక చేనిపా లగుటయే కదా మన కందఱకు కావలసినది.